ఖరగ్‌పూర్ తాతగారి ఎడమ చెయ్యి

విజయనగరంలో సాయంత్రం 7.40కి రైలెక్కాను. సంచిలో పులిహోర, స్కేలు, భూతద్దం. ఎదుటి బెర్తు బెంగాలీ పెద్దాయన భూతద్దం చూసి, "డిటెక్టివ్ నాకి, దాదా?" అన్నాడు, డిటెక్టివ్‌వా ఏంటని. తాతగారి పరువు పని మీద వెళ్తున్నానన్నాను. ఆయన దుప్పటి ముసుగేసుకున్నాడు.

సంగతి ఇదీ. ఖరగ్‌పూర్‌లో ఉండే మా ఆవిడ పిన్ని పైడమ్మగారి దగ్గర ఒక పాత పత్రిక పుట ఉంది. అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఇద్దరు పనివాళ్లు అన్నం తింటున్న బొమ్మ. చిత్రకారుడు గీసిన కాగితం ఎప్పుడో పోయింది. దాన్ని చూసి చెక్కమీద చెక్కి అచ్చువేసిందే మిగిలింది. తలపాగా ఆయన పైడమ్మగారి తాతమామగారు. ఎడంచేత్తో తింటున్నాడు! పక్కన మీసాలాయన కుడిచేత్తో. ఈ మీసాలాయన అక్కడి తెలుగువాళ్ల గుడి కమిటీ పెద్ద సింహాచలంగారి తాత. గుడి భోజనాల హాల్లో ఆ పుట పెట్టాలని పైడమ్మగారు, ఎడంచేతి బొమ్మ పెట్టనివ్వనని సింహాచలంగారి పట్టు.

6.25కి ఖరగ్‌పూర్. ప్లాట్‌ఫారం మీద 640 అడుగులు నడిచి, టోటో అనే బ్యాటరీ ఆటో ఎక్కితే పైడమ్మగారుండే న్యూ సెటిల్‌మెంట్ కాలనీ పదకొండు నిమిషాలు.

"నలభయ్యేళ్లనుంచి ఎడంసేతోళ్ల ఇల్లంటన్నారు, అల్లుడుగారూ," అంది పైడమ్మగారు, ఇడ్లీ వడ్డిస్తూ. నాలుగు తిన్నాను.

పదింటికి గుడి హాల్లో, సింహాచలంగారి ఎదుటే, ఆ పుటని భూతద్దం పెట్టి చూశాను. బొమ్మలో గోడ గడియారం ఉంది. అంకెల్లేవు, గీతలే. టైము 11.40.

"సింహాచలంగారూ, మీ వర్క్‌షాపులో పన్నెండు కాకుండా డబ్బా విప్పేవారా?"

"అమ్మో! సైరన్ మోగకుండా మూత తీసినోడు లేడు. మా తాత కాలంనుంచీ అంతే."

"అయితే 11.40కి వీళ్లెలా తింటున్నారు?"

నేనే చెప్పాను: చెక్కినవాడు బొమ్మను తిరగేసి చెక్కాలి, మరిచిపోయాడు. అచ్చులో కుడి ఎడమైంది, గడియారం కూడా అద్దంలోలా తిరగబడింది. పన్నెండులోంచి 11.40 తీసేస్తే ఇరవై నిమిషాలు. అసలు టైము 12.20.

పైడమ్మగారు నెమ్మదిగా అడిగింది. "మరైతే ఎడంసేత్తో తిన్నోడు ఎవుడు, సింహాచలం?"

ఆయన బొమ్మలో మీసాల తాత చేతికేసి చూశాడు. "ఆ గడియారం పాడైపోయుంటాది," అన్నాడు.

"గడియారం పాడైతే సైరన్ ఏటి సూసి ఊదీవోరు?"

తేలకుండానే 2.50 బండికి బయల్దేరాను. బాలాసోర్ దాటాక ఫోనుకి ఫోటో వచ్చింది. బొమ్మ గోడెక్కింది. ఇద్దరు తాతల చేతులూ కనబడకుండా పెద్ద బంతిపూల దండ. గడియారం మాత్రం 11.40 చూపిస్తోంది.

ఖరగ్‌పూర్ వెళ్లేవారు ఆ హాల్లో భోంచేయండి, బావుంటుంది. ఎవరూ చూడకుండా దండ పక్కకి జరపండి.