అక్క వాటా గుడ్డు

మా అక్కకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది చిన్నప్పుడు గుడ్లు ఎక్కువ తినడం వల్లేనని మా చుట్టాలు చెప్పుకుంటున్నారు. ఆ మాట పుట్టించింది నేనే. అది అబద్ధం.

ఖమ్మంలో డాక్టరమ్మ చెప్పింది వేరు. చిన్ననాటి తిండికీ ఈ జబ్బుకూ సంబంధం ఉండొచ్చట, ఇంకా పూర్తిగా తేలలేదట. మరీ చిన్న వయసులో పెద్దమనిషైతే ముప్పు కొంచెం పెరుగుతుందట. మీ అక్కకు ఎందుకొచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేరని కూడా అన్నది. ఆ చివరి మాటను నేను దవాఖానా మెట్ల మీదే వదిలేశాను. గుడ్లు తిన్న ఆడపిల్ల తొందరగా పెద్దమనిషవుతుందని మా వైపు పాత నమ్మకం. దాన్ని దీనికి అతికించి, జూలూరుపాడులో బస్సు దిగేలోపే ఇద్దరు చిన్నమ్మలకు ఫోన్లో చెప్పేశాను. బొగ్గుగనిలో కూలీల పని చూసుకునే ఓవర్‌మన్‌ని కదా, నా మాటంటే అందరికీ నమ్మకం.

నెల తిరక్కుండానే అక్క కూతురికి గుడ్లు, పాలు బంద్ చేశారు. దానికి పదేళ్లు.

పోయిన ఆదివారం అక్కా, పిల్లా మా ఇంట్లోనే ఉన్నారు. నా భార్య పిల్ల కంచంలో గుడ్డు వేసింది. పిల్ల ముట్టుకోకముందే అమ్మ దాన్ని తీసి నా కంచంలో వేసింది.

"ఆడపిల్లకు గుడ్డెందుకు? వాళ్లమ్మను చూస్తలేరా? నువ్వు తిను బిడ్డా, డ్యూటీకి పోయేటోనివి."

నా చిన్నప్పుడూ ఇదే మాట. డ్యూటీకి బదులు బడి. ఇంట్లో కోళ్లు పెట్టిన గుడ్లు నాన్నకూ నాకూ, అక్కకు పులుసు. తోటి పిల్లలందరి తర్వాత, పదిహేనేళ్లకు పెద్దమనిషైంది. మూలన కూర్చోబెట్టి నువ్వుల ముద్దలు, నెయ్యి పెట్టిన ఆ పదకొండు రోజులే ఆమె కడుపు నిండా తినగా చూశాను. పన్నెండో రోజు నుంచి మళ్లీ పులుసే. తిననివ్వనిదీ మేమే, తిన్నదని నింద వేసిందీ మేమే!

"అక్క ఎన్నడు తిన్నదే గుడ్డు?" అని అరిచాను. "ఆమెవి గూడ నేనే తిన్న. చుట్టాలకు చెప్పింది అబద్ధం."

"నా మీదెందుకురా లొల్లి? నువ్వు చెప్తేనే గదా బంద్ పెట్టినం" అంది అమ్మ.

అక్క తలకు కట్టుకున్న రుమాలు సర్దుకుని నవ్వింది. "నలభై ఏండ్లకు ఒప్పుకుండు మా తమ్ముడు. ఓవర్‌మన్ సారూ, ఆ గుడ్డు జల్దీ పిల్లకియ్యి, సల్లగైతంది."

ఇచ్చాను. పిల్ల అమ్మమ్మ వైపు చూసి, "తినొచ్చా మామా?" అని అడిగింది.

ఆ సాయంత్రమే చిన్నమ్మలిద్దరికీ మళ్లీ ఫోన్ చేశాను. ఒకామె నమ్మలేదు. అందుకే ఇది రాస్తున్నాను.