నిచ్చెన మీద గాజుదూది

మొన్న టెక్కలిలో మా చిన్నమ్మాయి వాళ్ళ డాబా మీద రేకుల గది వేయిస్తూంటే, ఎండ వేడి దిగకుండా రేకుల కింద పరిచే గాజుదూది చుట్టలు దించుతున్న మేస్త్రి నన్ను చూసి, "మామ్మా, అటెళ్ళి కూకో, ఒళ్ళంతా దురదలొత్తాయి" అన్నాడు. ఓలమ్మో, నాకే చెప్తున్నాడు! నవ్వొచ్చింది, ఆ వెనకాలే కోపమూ వచ్చింది. ఆ దూదితో నేను పడ్డ పోట్లాట ఈ కాలం వాళ్ళకి తెలీదు గాని, నా ఈడు వాళ్ళకి, ముఖ్యంగా జీడిపిక్కలు కొట్టి చేతులు నల్లబడ్డ ఆడవాళ్ళకి, చెప్తే అర్థమవుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. ఇంటాయనకి కిడ్నీలు పాడై మంచానపడితే, కవిటి దగ్గర కౌలుకి చేస్తున్న కొబ్బరితోటా జీడితోటా వదిలేసి కాశీబుగ్గ వచ్చేం. మా వదినతో పాటు నేనూ జీడిపిక్కల ఫ్యాక్టరీలో, కొట్టే పనీ డ్రమ్ములో కాల్చే పనీ రెండూ చేసేదాన్ని. ఆ పొగ సంగతి ఏం చెప్పమంటారు, తుమ్మినా నల్లగానే వచ్చేది. అయినా ఇల్లు ఆ పొగ మీదే నడిచింది. అలాంటిది ఒకరోజు యజమాని, డ్రమ్ములు తీసేస్తున్నాం, ఇకమీదట బాయిలర్ పెట్టి ఆవిరితో ఉడికించడమే అన్నాడు. ఆవిరి గొట్టాలకి వేడి పోకుండా గాజుదూది చుట్టి, పైన అల్యూమినియం రేకు తొడిగి, చెడిపోతే మళ్ళీ కట్టడం నేర్చుకున్నవాళ్ళనే ఉంచుతాననీ, పిక్కలు కొట్టడానికి ఇక అంతమంది అక్కర్లేదు గనక డ్రమ్ము దగ్గర మిగిలినవాళ్ళు వేరే చోటు చూసుకోవాలనీ తేల్చేసేడు.

నేర్పడానికి విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చేడు. మేం గురువుగారనే పిలిచేవాళ్ళం. మొదటిరోజు మేం చూపించిన తెలివి తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టుకుంటాను. పిక్కలు కొట్టేముందు జీడిరసం అంటకుండా చేతులకి ఆముదం రాసుకోవడం మాకు అలవాటు; ఈ కొత్త సరుక్కీ అదే మందనుకుని మోచేతుల దాకా దట్టంగా పట్టించుకుని వెళ్ళేం. ఇంకేముంది, గాజు నూగంతా ఆముదానికి అతుక్కుని, గోకిన కొద్దీ గుచ్చుకుని, చేతులు ఎర్రగా పొంగిపోయేయి. మగవాళ్ళు పడీపడీ నవ్వేరు. గురువుగారు మాత్రం చన్నీళ్ళు పోయించి, రుద్దొద్దని చెప్పి, రేపట్నుంచి ఆడవాళ్ళు చుట్టలు మోస్తే చాలు, నిచ్చెన ఎక్కి కట్టే పని మగవాళ్ళు నేర్చుకుంటారు అనేసేడు. గొట్టాలు పూర్తవగానే మోసే పని అయిపోతుంది, తర్వాత మేం ఇంటికే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు.

మర్నాడు వదినా నేనూ ఆముదం జోలికి పోకుండా, మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుని, చీర గోచీ పోసి బిగించి, మూతికి తువ్వాలు కట్టుకుని వెళ్ళేం. వీధి వీధంతా నాటకాలవాళ్ళని చూసినట్టు చూసింది. చూడనీ, నాకేం అనుకున్నాను. చుట్ట ఎత్తకుండా తిన్నగా పోయి నిచ్చెన మొదట్లో నిలబడ్డాను. పడితే ఎవరిది పూచీ అన్నాడు గురువుగారు. నాకు ఒళ్ళు మండింది.

"జీడితోటలో కొమ్మలెక్కినపుడు ఎవులూ అడగనేదు బాబూ, ఇప్పుడేటి మీకు బెంగ? నేర్పుతారా, నాకు నేనే సూసి సేసుకోమంటారా?" అనేసేను. ఆయన వచ్చి నిచ్చెన తనే పట్టుకున్నాడు.

నేర్పడంలో మాత్రం ఏమీ దాచుకోలేదు. మరీ బిగిస్తే దూదిలో గాలి పోయి వేడి ఆగదనీ, కొత్త బొంతలా నలగకుండా ఉండాలనీ, వాన నీరు దిగకుండా పైరేకు అంచు కిందిదాని మీదకి రావాలనీ ఒక్కొక్కటే చూపించేడు. తప్పయితే తీగ తెంపి మళ్ళీ కట్టించేవాడు, తిట్టుకుంటూనే కట్టేను. బాయిలర్ వెలిగించిన రోజు నేను కట్టిన చోట అరచెయ్యి ఆనించి, తియ్యకుండా అలాగే ఉంచేడు. వదినా నేనూ పనిలో నిలబడ్డాం. ఇంటాయన పోయిన తర్వాత కూడా నన్ను నిలబెట్టింది ఆ పనే.

ఇప్పుడు గ్లౌజులు, మాస్కులు, పైకెక్కితే నడుముకి బెల్టు కూడా ఇస్తున్నారు, సంతోషం. కాని ఈమధ్య మా పాత ఫ్యాక్టరీకి వెళ్తే ఆడవాళ్ళంతా పప్పు ఒలిచే బల్లల దగ్గరే ఉన్నారు, గొట్టాల మీద ఒక్కర్తీ లేదు. ఇదేమిటని అడిగితే, అది ఆడవాళ్ళకి కష్టం కదా మామ్మా అన్నాడు సూపర్‌వైజరు. కష్టమో కాదో మేం అన్నేళ్ళు చేసి చూపించలేదూ! అతని ఎదుటే బల్లల దగ్గరి ఆడపిల్లల్ని అడిగేను, ఎవరైనా నేర్చుకుంటారా, నేను చెప్తాను అని. ఒక్కర్తీ తలెత్తలేదు. ప్రాణం ఉసూరుమంది. పోనీలే అని ఊరుకునే రకం కాదు నేను. మళ్ళీ వెళ్తాను, మళ్ళీ అడుగుతాను.