ఎండగాలి పాట మారిన ఏడాది

నిన్న పొద్దున మా బడికి యూనిట్ పరీక్ష ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించి తెచ్చారు. కట్టను చేతిలోకి తీసుకుంటే కాగితాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. మిషను లోపలి నల్లపొడి వేడెక్కినప్పుడు వచ్చే వాసన, కొంచెం కాలినట్టు, కొంచెం మందులాగా, ముక్కుకు తగిలింది. పిల్లలు వరసల్లో కూర్చుని ఎదురుచూస్తున్నారు. నేను మాత్రం గుమ్మంలోనే ఒక్క క్షణం ఆగిపోయాను. అనంతపురంలో కాలేజీ గేటు ఎదురుగా ఉండిన ఒక ఇరుకు గది కళ్ళముందు నిలిచింది. అందులో రెండు మిషన్ల మధ్య చిన్న పీట మీద కూర్చుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని, గిటార్ల హోరుకు తల ఊపుతూ ప్రాజెక్టు రిపోర్టులు కుట్టే ఒక మనిషి. పేరు ఈశ్వరమ్మ. ఆ వీధిలో అందరికీ ఈశ్వరక్క.

మాది తనకల్లు. డిగ్రీ చదవడానికి అనంతపురం వచ్చి, చదువయ్యాక టీచరు పరీక్షకు తయారవుతూ అక్కడే ఉండిపోయాను. తెలుగు టైపింగు వచ్చు కాబట్టి ఈశ్వరక్క షాపులో పనికి కుదిరాను. అప్పటికి ఆమెకు నలభై అయిదేళ్ళు దాటి ఉంటాయి. బెళుగుప్ప దగ్గర మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు ఆమెది. వానలు వరసగా ఎగ్గొట్టిన కాలంలో భర్త బస్సు డ్రైవరుగా పనిలో చేరితే, ఆయనతోపాటు పట్నం వచ్చి, ముప్పై అయిదేళ్ళ వయసులో కంప్యూటరు ముందు కూర్చుని ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ టైపింగు నేర్చుకుంది. అలాంటి మనిషి షాపులో భక్తి పాటలు వినిపిస్తాయని అనుకుంటాం. వినిపించేది ఎండగాలి.

ఎండగాలి అంటే అనంతపురం కుర్రాళ్ళ రాక్ బృందం. నలుగురు మనుషులు, రెండు గిటార్లు, డ్రమ్ములు, వాటికి తోడు హనుమంతు వాయించే ఉరుము. ఉరుము అంటే మా వైపు జాతరల్లో మోగే పెద్ద వాద్యం. అది మోగితే కడుపులో పేగులు కదులుతాయి. ఓబులేసు పాడేవాడు. పాడేవాడనడం కంటే గొంతు చించుకునేవాడనడం నిజం. ఎండిన బోర్ల మీద, అమ్మేసిన ఎద్దుల మీద, బెంగళూరు బస్సెక్కే మనుషుల మీద వాళ్ళు మా యాసలోనే పాటలు కట్టారు. తొలి ప్రదర్శనకు ముందు పాటల కాగితం అచ్చువేయించుకోవడానికి ఈశ్వరక్క దగ్గరికే వచ్చారట. కాగితంలో అన్నిచోట్లా "ఉంది" అని ఉంది. ఆమె టైపు చేస్తూ ఆగి, "పాడేది ఉండాది అని, రాసేది ఉంది అనా? ఎవురికి భయపడి రాస్తాండారప్పా?" అని అడిగిందట. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, అన్నీ మార్చమన్నారట. ఆ కథ ఆమె నాకు చెప్పలేదు. ఓబులేసే ఒకసారి షాపుకు వచ్చినప్పుడు చెప్పాడు. ఆమె కుట్టే పనిలోంచి తలెత్తలేదు.

అభిమానులందరికీ ఆ షాపే అడ్డా. అందరి తరఫున ఫోనులో ఒక పేజీ నడిపేదాన్ని నేను. ఏ పాట ఎప్పుడు వచ్చింది, ఏ ఊళ్ళో ఎట్లా పాడారు, అన్నీ రాసేదాన్ని. నిజం చెప్పాలంటే, ఆ రోజుల్లో నాకంటూ ఉన్న గుర్తింపు అదొక్కటే. రెండుసార్లు పరీక్ష తప్పాను. ఇంటికి ఫోను చేస్తే నాయన "ఏమాయ" అని ఒక్క మాట అడిగి ఊరుకునేవాడు. ఎండగాలి పేజీలో మాత్రం నా మాటకు విలువ ఉండేది.

అప్పుడు వాళ్ళ పాట ఒకటి సినిమాలో వచ్చింది. నెల తిరక్కుండానే పెళ్ళి ఊరేగింపుల్లో, ఆటోల్లో, ఎక్కడ చూసినా అదే. మేమంతా మా ఇంటి పిల్లలే గెలిచినట్టు మిఠాయిలు పంచాం. ఆ తర్వాత ఏడాదికి కొత్త పాటల సంపుటం విడుదలైంది. మొదటి పాట పెట్టాను. ఉరుము లేదు. గిటార్లు ఎక్కడో దూరంగా ఉన్నాయి. పియానో మీద నెమ్మదిగా నాలుగు మెట్లు, వాటి మీద ఓబులేసు గొంతు, పక్కగదిలో నిద్రపోయేవాళ్ళను లేపకూడదన్నట్టు. సగంలో ఆపేశాను. మిగతా పాటలు పది పది క్షణాలు విన్నాను. మోసపోయినట్టు అనిపించింది. ఆ కోపంలోనే పేజీలో రాశాను. "ఎండగాలి చచ్చిపోయింది" అని పేరు పెట్టాను. డబ్బున్నవాళ్ళ చెవులకు ఇంపుగా ఉండాలని వాళ్ళు మన నేలను అమ్ముకున్నారని రాశాను. పట్నపు స్టేజీకి పనికిరాడని హనుమంతును బయటికి తోసేశారని కూడా రాశాను. ఆ మాట ఎవరో అన్నదే తప్ప నేను కనుక్కున్నది కాదు. సాయంత్రానికి ఎక్కడెక్కడివాళ్ళో దాన్ని పంచుకుంటున్నారు. అంతమంది నన్ను మెచ్చుకోవడం జీవితంలో అదే మొదలు.

మరునాడు ఈశ్వరక్క ఆ రాతను కాగితం మీద తీసి, కళ్ళద్దాలు కిందికి దించుకుని మెల్లగా చదివింది. అయ్యాక నా వైపు చూసింది.

"పాట ఎన్ని తూర్లు ఇన్యావు?"

"ఒకసారి అక్కా."

"నిండుగానా?"

"సగందాకా."

"సగం పాట ఇని నిండు మనుషుల్ని పూడ్చిపెడితివే" అంది. గొంతు పెంచలేదు. ఆ రోజంతా రిపోర్టులు కుట్టాల్సిన పని ఉంది. ఆమె ఆ కొత్త సంపుటాన్ని మొదటినుంచి చివరిదాకా పెట్టింది, అయిపోతే మళ్ళీ పెట్టింది. సూది, దారం, పియానో. మధ్యాహ్నం అన్నాల వేళకు నేనే ఉండబట్టలేక అడిగాను, నీకు నిజంగా నచ్చిందా అక్కా అని.

"రెండు పాటలు శానా బాగుండాయి. మూడోది నాకూ నచ్చలా. నచ్చలేదని రాయి పాపా, ఎవురొద్దంటారు? చచ్చిపోయిందని రాయాకు. చచ్చిపోయింది అన్యాంక మళ్ళా ఇనేది ఏముంటుంది?" అంది. అన్నం గిన్నెకు మూత పెట్టి, "నేను శెనక్కాయ పీకిన చేతుల్తో ఈ మిషను పట్టుకుంటి. మా ఊరికి పోతే, నువ్వు ముందు మాదిరి లేవు ఈశ్వరీ అంటారు. ముందు మాదిరి ఉండింటే యాడ ఉందునో వాళ్ళకేం తెలుసు" అంది.

ఆ మాట నాకు తగిలింది కానీ నన్ను మార్చలేదు. మార్చింది ఆ తర్వాత జరిగినది. ఎండగాలి సొంత ఊరు అనంతపురంలో ప్రదర్శన ఇస్తుందని ప్రకటన వచ్చింది. పాత అభిమానులు ఒక జట్టుగా ఏర్పడ్డారు. అందరూ నల్ల చొక్కాలు వేసుకుని రావాలి, కొత్త పాట మొదలుకాగానే ఉరుము కావాలని అరవాలి, తర్వాత గుంపుగా లేచిపోవాలి. వచ్చినవాళ్ళకు పంచడానికి ఒక కరపత్రం కావాలి. రవి అనే కుర్రాడు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని ఆ కాగితంతో మా షాపుకే వచ్చాడు. చూస్తే నా రాతే. అయిదువందల కాపీలు కావాలన్నాడు.

ఈశ్వరక్క ఆ కాగితాన్ని నా ముందు పెట్టింది. "రాసింది నువ్వు. మిషను నీ చేతిలో ఉండాది. వేస్తావో లేదో నువ్వే చెప్పు" అంది.

నా చేయి మీట మీదికి పోలేదు. హనుమంతు గురించిన వాక్యం నాకు సూటిగా కనిపిస్తోంది. ఇది నిజమని నాకు తెలియదు, నేను వెయ్యను అన్నాను. రవి నన్ను వింతగా చూశాడు. "రాసినప్పుడు తెలుసునా అక్కా?" అని అడిగి, ఇంకో షాపుకు వెళ్ళిపోయాడు. నిజానికి అతను అడిగిన దాంట్లో తప్పేమీ లేదు.

మరునాడు షాపు మూసి, ఈశ్వరక్క నన్ను బెళుగుప్ప బస్సెక్కించింది. హనుమంతు ఊరు ఆ దగ్గరే. మేం వెళ్ళేసరికి అతను గొర్రెల దొడ్డికి కంచె కడుతున్నాడు. ఈశ్వరక్క నన్ను పరిచయం చేసి, "ఈ పిల్ల నిన్నొక మాట అడగల్లంట" అని పక్కకు పోయి నీడలో కూర్చుంది. నేను నా రాతను అతనికి చదివి వినిపించాను. తన పేరు వచ్చినచోట అతను కంచె కట్టడం ఆపాడు.

"నన్నెవురు తోసినారు? జాతర కాలంలో నేను ఈడుండల్ల. మా నాయన పోయినాంక ఊర్లో ఉరుము పట్టేది నేనొక్కణ్ణే. నాకు కుదిరినప్పుడు పోతా, లేకుంటే లేదు. ఇంగ ఆ మొదుటి పాటంటావా, దానికి ఉరుము వద్దని చెప్పిందే నేను."

"నువ్వా అన్నా?"

"ఓబులేసు వాళ్ళమ్మ పోయినంక కట్టిన పాట గదమ్మా అది. ఆయమ్మ మంచం పక్కన కూర్చోని మాట్లాడే మాటలు. దాని మీద ఉరుము కొడితే ఎట్ల?" అన్నాడు. మళ్ళీ కంచె పనిలో పడ్డాడు. ఒక ముడి బిగించి, "ముందు అడిగింటే చెప్పుందునే" అన్నాడు, నొచ్చుకున్నట్టు కాదు, మామూలుగానే.

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఈశ్వరక్క ఓదార్చలేదు, మందలించలేదు. వేరుశెనగ పొట్లం విప్పి సగం నా ఒడిలో పోసింది. ఊరు చేరేలోపు పేజీలో రాశాను. హనుమంతును తోసేశారని నేను రాసింది అబద్ధం, అడగకుండా రాశాను, తప్పు నాది. కొత్త పాటల్లో నాకు నచ్చనివి ఇవి, నచ్చినది ఇది, మొదటి పాటను ఇప్పుడు నిండుగా విన్నాను. అంతే. పంపేశాక గుండెల మీది రాయి దిగినట్టయింది. ఆ హాయి ఒక గంట నిలిచింది. తర్వాత తిట్లు మొదలయ్యాయి. నువ్వు ఎంతకు అమ్ముడుపోయావని నిన్నటిదాకా మెచ్చుకున్నవాళ్ళే అడిగారు. పేజీ మూసేస్తానక్కా అన్నాను. "మూసుకో. అయితే రేపు కాదు, ప్రదర్శన అయినాంక మూసుకో" అంది.

ప్రదర్శన రోజు సాయంత్రం మైదానం నిండింది. ఎడమవైపు నల్ల చొక్కాలు, యాభై అరవైమంది ఉంటారు. చేతుల్లో నా పాత రాత. పాత పాటలు రెండు పాడేదాకా అందరూ కలిసి ఎగిరారు. పియానో మొదలైంది. ఓబులేసు తొలి చరణం అందుకోగానే "ఉరుము, ఉరుము" అని అరుపులు లేచాయి. చేత్తో కాగితాలు ఊపుతున్నారు. ఓబులేసు పాట ఆపి మైకు దగ్గర అట్లాగే నిలబడిపోయాడు. అతని ముఖం చూడలేక తల దించుకున్నాను. తలెత్తేసరికి పక్కన ఈశ్వరక్క లేదు. చేతిసంచి చంకన పెట్టుకుని నేరుగా నల్ల చొక్కాల మధ్యకు నడిచిపోతోంది. నేను వెనకే పరుగెత్తాను.

ఆమె రవి ముందు ఆగింది. "ఏమప్పా రవీ, నీ ప్రాజెక్టు రిపోర్టు ఎన్ని తూర్లు మార్పిస్తివి?"

రవి అరవడం ఆపాడు. "అదిప్పుడెందుకక్కా?"

"మూడు తూర్లు. మొదుట రాసిందే బాగుండాది, మార్చాకు అని నేనేమన్నా నీ కాలేజీ కాడికొచ్చి అరిస్తినా?"

చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో నవ్వారు. వాళ్ళలో సగంమంది రిపోర్టులు కుట్టింది ఆమే. ఆమె ఒక్కొక్కరి ముఖం చూస్తూ, "ఆ పిల్లోడు వాళ్ళమ్మ మీద పాడతాండాడు. ఈ ఒక్క పాట నిండుగా ఇనండి. నచ్చకుంటే లేచి పోండి, నేనూ అడ్డం రాను" అంది. తర్వాత అక్కడే నేల మీద కూర్చుంది. కాస్త తటపటాయించి రవి కూర్చున్నాడు. వాడి వెనక మిగతావాళ్ళు.

ఓబులేసు మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. అంత జనంలో అంత నిశ్శబ్దం నేను మళ్ళీ వినలేదు. రెండు వరసల ముందు హనుమంతు కూర్చుని ఉన్నాడని అప్పుడే చూశాను. కళ్ళు మూసుకుని, మోకాలి మీద వేలితో మెల్లగా తాళం వేసుకుంటున్నాడు. పాట అయిపోయాక నల్ల చొక్కాల్లో కొందరు లేచి వెళ్ళిపోయారు. ఎవరూ అరవలేదు. ఎక్కువమంది ఉండిపోయారు. రవి ఉన్నాడు. నెలరోజుల తర్వాత ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను. పేజీ మూయలేదు.

తర్వాతి ఏడు నాకు ఉద్యోగం వచ్చింది. ఈశ్వరక్క షాపును వేరేవాళ్ళకు ఇచ్చేసి, ధర్మవరంలో మగ్గం నేసే చెల్లెలి ఇంటి పక్కన ఉంటోంది. ఎండగాలి ఆ తర్వాత ఇంకో రెండుసార్లు తీరు మార్చింది. మొన్న వచ్చిన పాటల గురించి ఫోనులో అడిగితే, "ఏమీ బాగలేదు పాపా. నాలుగు తూర్లు ఇన్యా" అంది. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం.

మా తొమ్మిదో తరగతిలో అనిత అనే అమ్మాయి ఉంది. గొర్రెల గురించీ అవ్వ గురించీ మన యాసలో చక్కగా రాసేది. పోటీలో బహుమతి వచ్చాక తీరు మార్చింది. చిన్న చిన్న వాక్యాలు, గొర్రెలు లేవు, అవ్వ లేదు, ఊరి బస్టాండులో కూర్చున్న ముక్కూముఖం తెలియని మనుషులు. బహుమతి ఆ పిల్లను పాడుచేసిందని మా స్టాఫ్ రూములో ఒకాయన అన్నారు. పోయిన వారం ఆ పిల్ల ఇచ్చిన కథ సగం చదివేసరికి నాకూ అదే అనిపించింది. ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది. పెన్ను పక్కన పెట్టి మిగతా సగం చదివాను, మళ్ళీ మొదటినుంచి చదివాను. తర్వాత అడుగున రాశాను: "చివరి పేరా నాకు నచ్చలేదు. ఎందుకో రేపు మాట్లాడుకుందాం. ఇంకొకటి రాసి తీసుకురా."

మరునాడు గంట కొట్టకముందే అనిత ఇంకొకటి రాసుకుని వచ్చింది. అదీ కొత్త తీరులోనే ఉంది.