వాపసు ఇవ్వని షట్‌డౌన్

శాంతిరాజ్ ఎడమచేతికి మూడే వేళ్ళు. గోదావరిఖనిలో ఆయన ఉండే వాడకంతా ఆ సంగతి తెలుసు, మిగతా రెండూ ఎట్లా పోయాయో కూడా తెలుసు, అందుకని ఎవరూ అడగరు. కొత్తవాళ్ళెవరైనా అడిగితే మాత్రం "మా సుసన్న కోపంల కొరికింది" అంటాడు. సుసన్నా ఆయన భార్య. ఆదివారం చర్చిలో పాటలు పాడే మనిషి, ఎవరినీ కొరికే రకం కాదు.

ఆయన బాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. బొగ్గు గనిని అక్కడ గని అనరు, బాయి అంటారు. బాయి కింద ఏ యంత్రం విప్పాలన్నా ముందు షట్‌డౌన్ తీసుకోవాలి. అంటే కరెంటు ఆపించి, స్విచ్చుకు 'మనుషులు పని చేస్తున్నారు' అని బోర్డు తగిలించి, ఆ తర్వాతే లోపల చెయ్యి పెట్టాలి. పని అయ్యాక ఆ షట్‌డౌన్ ఎవరు తీసుకున్నారో వాళ్ళే వాపసు ఇవ్వాలి. అంతవరకు ఎంత పెద్ద ఆఫీసరైనా ఆ స్విచ్చు ముట్టకూడదు. కార్మికుల ఇళ్ళలో ఈ నియమం పిల్లలకు కూడా తెలుసు. తండ్రి మిక్సీ విప్పుకుని కూర్చుంటే ప్లగ్గు దగ్గర ఎవరినైనా కాపలా పెట్టే ఇళ్ళు అవి.

ఒకసారి షిఫ్టు మారే గడబిడలో శాంతిరాజ్ షట్‌డౌన్ తీసుకున్న స్విచ్చును మొగిలి వేశాడు. మొగిలి పరాయివాడు కాదు, శాంతిరాజ్‌తో ఒకే టిఫిన్‌లో అన్నం తిన్నవాడు. శాంతిరాజ్ పైకి వెళ్ళిపోయాడని ఎవరో అంటే నమ్మాడు. బొగ్గు మోసే బెల్టు కదిలింది, రెండు వేళ్ళు పోయాయి. వేళ్ళతో పాటు దోస్తీ కూడా పోయింది. శాంతిరాజ్ ఒక్క మాట అనలేదు. అనకపోవడమే తప్పయింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఆ తిట్లతోనే తీరిపోయేది. అప్పటినుంచి ఆయన ఎదురొస్తే మొగిలి పక్క సందులోకి తిరుగుతాడు, ఆయన కూడా పిలవడు. ఇద్దరూ రిటైరయ్యారు గాని ఈ వరస మాత్రం రిటైరవలేదు.

రిటైరయ్యాక మనుషులు ఏదో ఒకటి పెట్టుకుంటారు. కొందరు కోళ్ళు పెంచుతారు, కొందరు పక్కింటి విషయాలు పెంచుతారు. శాంతిరాజ్‌కు కంప్యూటర్లు తగులుకున్నాయి. తెలంగాణ రావడానికి ఇంకా కొన్నేళ్ళున్న రోజులవి. హైదరాబాదులో ఆఫీసులు పాతవని పక్కన పడేసిన కంప్యూటర్లను కొందరు అడిగి తెచ్చి, బాగు చేసి, బీదల వాడల్లో పెట్టేవారు. వాటిలో ఉచిత సాఫ్ట్‌వేర్ వేసేవారు. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికి పంచవచ్చు. వాళ్ళలో సంధ్యారాణి అనే అమ్మాయి వచ్చి చర్చి పక్క గదిలో ఈ మాటలు చెబుతుంటే, వెనక బెంచీ మీద కూర్చున్న శాంతిరాజ్‌కు 'విప్పి చూడవచ్చు' అన్నది ఒక్కటీ చెవిన పడింది. అంతే, మనిషి మళ్ళీ డ్యూటీ ఎక్కాడు.

మూడు చచ్చిన కంప్యూటర్ల నుంచి రెండు బతికినవి తీసేవాడు. బ్లోయరుతో దుమ్ము ఊదేవాడు, మెమరీ ముక్కల పసుపురంగు అంచును రబ్బరుతో రుద్దేవాడు. ఆ గదికి కాంట్రాక్టు కార్మికుల ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చేవారు. బయట ఇన్‌స్టిట్యూట్ గడప తొక్కే స్తోమత లేనివాళ్ళు. ఊడ్చే పనికి పోయే ఐలవ్వ తన పేరు తెలుగులో కొట్టి, అది తెర మీద చూసుకుని, ఆ రోజంతా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు, అంత గొప్పగా అనిపించింది. అందరిలో చురుకైనది మమత. సాక్షాత్తు మొగిలి కూతురు. మొదటిరోజు గుమ్మంలోనే నిలబడిపోతే శాంతిరాజ్ తలెత్తకుండా "కుర్చీ గుంజుకో బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత గది తాళంచెవి కూడా ఆమెకే ఇచ్చాడు.

కంప్యూటర్లో మాటలన్నీ తెలుగులో ఉండేవి. ఆపే చోట 'మూసివేయి' అని ఉండేది. శాంతిరాజ్‌కు అది నచ్చలేదు. ఒక్కో బాయీ మూతబడుతున్న కాలంలో పొద్దుగూకితే ఈ అపశకునం ఏమిటి? మార్చుకునే హక్కు ఉన్న సరుకే కదా అని, ఫోన్లో సంధ్యారాణిని అడిగి అడిగి, అన్ని కంప్యూటర్లలోనూ ఆ మాట తీసి 'షట్‌డౌన్' అని తెలుగు అక్షరాల్లో పెట్టాడు. రోజూ సాయంత్రం తనే ఒక్కోదానికీ షట్‌డౌన్ చేసి, గుడ్డ కప్పి, మర్నాడు తనే లేపేవాడు. తను పెట్టిన మాట తన తలకే చుట్టుకుంటుందని అప్పుడు తోచలేదు.

మే నెలలో ఆయనకు వడదెబ్బ కొట్టింది. రామగుండం ఎండ రిటైరైనవాళ్ళని చూసి వదలదు కదా. వారం దవాఖానలో పడుకుని, ఇంటికొచ్చి ఇంకా మంచం దిగక ముందే ఐలవ్వ పరుగెత్తుకొచ్చింది. "శాంతన్నా, హైదరాబాదు మేడం వచ్చింది. కంప్యూటర్లు తీస్కపోతనంటున్నది. ట్రాలీ గూడ పిలిచింది."

తడి తువ్వాలు తలకు చుట్టుకుని బయల్దేరాడు. వెనక సుసన్నా గొణుగుతూనే ఉంది గాని గొడుగు పట్టుకుని నడిచింది.

గది ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. లోపల గుడ్డల మీద వేలు పెడితే గుర్తు పడేంత బొగ్గుపొడి. సంధ్యారాణి మొహంలో కోపం కంటే బాధ ఎక్కువ. ఇట్లా ఇచ్చినవి ఎన్నోచోట్ల అటకలెక్కడం చూసిందామె.

"నేనెవరినీ తప్పు పట్టట్లేదు శాంతిరాజ్ గారూ. మీరు లేని ఇన్నాళ్ళూ ఒక్క కంప్యూటరూ ఆన్ చెయ్యలేదట. మీరొక్కరే నడిపే సెంటర్ ఎన్నాళ్ళు నడుస్తుంది? ఇంకోచోట పిల్లలు వీటికోసం ఎదురుచూస్తున్నారు."

"రాలేదా మీరు?" అని ఆయన ఆడవాళ్ళ వైపు తిరిగాడు.

"రోజూ వచ్చినం" అంది ఐలవ్వ. "ఊడ్చినం, కూసున్నం, పోయినం."

"మరి?"

ఐలవ్వ మమత వైపు చూసింది. మమతే చెప్పింది. "నువ్వు షట్‌డౌన్ తీస్కుని పోయినవ్ గద కాకా. వాపసు ఇయ్యకముందే మేమెట్ల ముడ్తం? వీళ్ళు ఏస్తమన్నరు. నేనే వద్దన్న. మా ఇంట్ల ఒకసారి అయింది, గదే సాలు."

శాంతిరాజ్‌కు ముందు నవ్వొచ్చింది. మరుక్షణం కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఇంతకాలం మొగిలిని ఏమీ అనలేదని, తను పెద్దమనసు చూపానని లోలోపల ఒక గర్వం ఉండేది ఆయనకు. ఆ అనకపోవడమే ఆ ఇంట్లో ఇంతై కూర్చుందని ఈ పిల్ల మొహం చూస్తే గాని తెలియలేదు. తప్పు ఎవరిదైనా, జడుపు ఈమెకు అంటుకుంది.

సంధ్యారాణికి సుసన్నా ఆ వేళ్ళ సంగతంతా మెల్లగా చెప్పింది. సంధ్యారాణి తల ఊపింది. "అర్థమైంది. కానీ ఇప్పుడు మీరు ఆన్ చేస్తే మాత్రం ఏం లాభం? మళ్ళీ మీకు ఒంట్లో బాగాలేకపోతే?" అంది. ఆ మాటలో అన్యాయమేమీ లేదు.

శాంతిరాజ్ ఒక కంప్యూటర్ మీది గుడ్డ తీశాడు. మరలు విప్పి పక్క రేకు ఊడదీశాడు. తన ఎడమచేతిని, ఆ మూడు వేళ్ళ చేతిని, లోపల పెట్టి అడుగు రేకు మీద ఆనించాడు.

"మమతా, కరెంటియ్యి."

"కాకా, నాతోని కాదు."

"బాయి కరెంటు వేరు బిడ్డా. దీని బలమంతా ఆ వెనక డబ్బలనే ఆగుతది. ఈడికొచ్చేది టార్చిలైటంత. తెల్వక పెడ్తలేను చెయ్యి."

"ఐలవ్వ ఏస్తది."

"ఐలవ్వ ఏస్తె ఐలవ్వ జడుపు పోతది."

సుసన్నా గొడుగు ముడిచి గోడకు ఆనుకుంది. మమత వేలు బటన్ దాకా వచ్చి వెనక్కి పోయింది, మళ్ళీ వచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని నొక్కింది. లోపల ఫ్యాను గుర్రుమని తిరిగింది. అందరూ తెర వైపు చూస్తుంటే మమత కళ్ళు తెరిచి ఆయన చేతిని చూసింది. ఆ చెయ్యి పెట్టినచోటే ఉంది. ఆ పిల్ల అక్కడే కూలబడి ఏడ్చేసింది. ఐలవ్వ మాత్రం ఇదే సందని మిగతావాటి గుడ్డలన్నీ లాగేసి ఒక్కోదాని బటనూ నొక్కుకుంటూ పోయింది.

సంధ్యారాణి బయటికి వెళ్ళి ట్రాలీని పంపేసింది. వచ్చి, "ముందు ఆ షట్‌డౌన్ మాట మార్చండి" అంది.

"పండవెట్టు అని పెడ్దాం" అంది ఐలవ్వ. "పండవెట్టినోళ్ళే లేపాలని ఏడ లేదు గద."

అందరూ నవ్వారు. శాంతిరాజ్ చెయ్యి బయటికి తీసి, తువ్వాలుతో బొగ్గుపొడి తుడుచుకుని మమత పక్కన కింద కూర్చున్నాడు.

"ఇంటికి పోయినంక మీ నాయినకు చెప్పు. శాంతన్న చెయ్యి లోపలుండంగ నేనే కరెంటిచ్చిన, ఏం కాలేదు అని చెప్పు."

మమత కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేను చెప్తె నమ్మడు కాకా. నువ్వే రావాలె."

ఆయన లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, మమత కోసం ఆగాడు.