పొడుగు దొరగారి పంచె

కొబ్బరితోటల మధ్య, మా పెద్దలు సముద్రం దాటొచ్చి స్థిరపడిన బాగన్ దాతుక్‌లోని మా ఇంట్లో ఆ రోజుల్లో బతికున్నవాళ్లం ఇద్దరమే, మామ్మా నేనూ. గోడమీద పటాల్లో మాత్రం ఇల్లు నిండా జనం. నన్ను బడికి పంపకుండా చదువంతా మామ్మే చెప్పింది. (తోటి పిల్లల బదులు తోటి పెద్దలు దొరికారు. దేవుడి దయ, ఎవరూ జడ లాగలేదు.) ఆ పటాల్లో, మా ముత్తాతల పక్కన, బనియనూ పొట్టి నిక్కరూ వేసుకుని, చేతిలో బంతితో ఒక తెల్లాయన ఉండేవాడు. తల చట్రానికి తగిలేంత పొడుగు.

"అమెరికాలో పెద్ద ఆటగాడే. ఆయన గెంతి బుట్టలో బంతేత్తే జనం లేచి నిలబడీవోరంట. మోకాలు పోనాది, ఆటా పోనాది," అనేది మామ్మ. ఆ తర్వాత ఆయన ఇక్కడికొచ్చి, ఊళ్లో చైనా పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పుతూ, మా ముత్తాత ఇంట్లోనే అద్దెకుండి, మంచం చాలక కాళ్లకింద బల్ల వేసుకుని పడుకుని, చారన్నం తిని, ముసలివాడై చనిపోయాడు. తనవాళ్లంటూ ఎవరూ రాలేదు. "మనం ఎట్టకపోతే ఎవులెడతారే?" అని పెద్దలకు బట్టలు పెట్టే రోజున మామ్మ ఆయనకూ ఓ పంచె పెట్టేది.

నా పందొమ్మిదో ఏట మామ్మ నడుం పట్టేసి, ఆ పని నాకొచ్చింది. పొద్దున్నే ఆకులేసి, అన్నం వడ్డించి, బట్టలు పెట్టి, పెద్దలు తినాలని తలుపు మూసి బయట కూర్చున్నాం. లోపల ధప్... ధప్... ధప్. నిదానంగా, బంతి నేలకు కొట్టినట్టు. తలుపు తీస్తే అందరి బట్టలూ పెట్టినచోటే ఉన్నాయి. దొరగారి పంచె గోడవారన పడి ఉంది.

"పన్నా ఎంతే?" అంది మామ్మ.

"అందరికీ పెట్టిందే, మామ్మా."

"ఓలమ్మీ! నాను ఏటేటా రెండు పంచెలు జోడించి కుట్టీదాన్ని. ఇది ఆయన మోకాళ్లకైనా వత్తాదా? చెడిన మోకాలు, సలేయదా?" అని విస్తరి పక్కకు నెట్టేసింది. "ఆయన తినకండా నానెలా తింతాను?"

షుగరు మాత్ర అప్పటికే వేసుకుంది. ఏమీ తినకపోతే కళ్లు తిరిగి పడిపోతుంది. బెల్లం ముక్క ఇస్తే నోరు బిగించింది.

మోటార్‌సైకిల్ మీద హుటాన్ మెలింటాంగ్ ఊళ్లోని బట్టలకొట్టుకు పరిగెత్తాను. కావలసిన పన్నా చేతులు చాచి చూపిస్తే, కొట్టాయన తమిళంలో, "వేష్టియామ్మా, పందలా?" అని, పంచేనా పందిరా అన్నట్టు నవ్వాడు. "ఆయన్నే తీసుకురామ్మా, కొలుద్దాం."

"ఆయన పోయారండీ."

"అయ్యో, ఎక్కడికి?"

"చనిపోయారు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నారు."

కొట్టాయన వెనక్కి జరిగాడు. రెండు పంచెలు గల్లాపెట్టె మీదుగా దూరంనుంచే తోశాడు.

ఇంటికొచ్చి అంచుకు అంచు కలిపి కుట్టాను. (కుట్టు పాము పాకినట్టొచ్చింది. దొరగారు సహించారు.) పొద్దువాలే వేళకు మళ్లీ పీటమీద పెట్టి, తలుపు మూశాను. ఈసారి చప్పుడు లేదు. మామ్మ ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది, చాలా సన్నగా. రామా, ఈ ఒక్కసారికి ఆయన్ని ఒప్పించు అనుకుని తలుపు తీశాను.

పంచె పీటమీద లేదు. పైన దూలానికి, ఎప్పుడో దొరగారు చొక్కా తగిలించుకోవడానికి కొట్టుకున్న మేకుకు, నీటుగా మడతపెట్టి వేలాడుతోంది. కిటికీలు మూసే ఉన్నాయి. ఇంట్లో నిచ్చెన లేదు. నేను బల్లెక్కినా ఆ మేకు అందదు.

ఏ భాష తెలుస్తుందో తెలియక, "థ్యాంక్యూ సార్," అన్నాను.

"తెలుగొచ్చే ఆయనకి, తిట్లతో సహా," అంది మామ్మ వెనకనుంచి. "సరిపోనాదిలే. అన్నమెట్టు, ఆకలేత్తంది." ఆవిడ మొదటి ముద్ద మింగేదాకా నేను దూలంవైపు మళ్లీ చూడలేదు.

ఇప్పుడు మామ్మా గోడమీదే ఉంది. మొన్న క్లాంగ్‌లో కొత్త ఫ్లాటు చూడబోయి, అందరూ నీళ్లొస్తాయా, ఎండొస్తుందా అని అడుగుతుంటే, నేను చెయ్యెత్తి గుమ్మం ఎత్తు చూస్తున్నాను. మా ఆయన ఐదడుగులు కూడా లేని నన్ను ఎగాదిగా చూసి, "నీకు చాలదా ఏటి?" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. అయినా ఇంకో ఫ్లాటు చూద్దామన్నాను.