పుస్తకాల కొట్టు అద్దంలో ఎగిరేవాడు

ఆ రోజుల్లో ఒక బొమ్మని ఇష్టపడితే దాని కోసం కాచుకుని కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు మా మనవలు ఫోన్ మీద వేలితో ఇలా తోస్తే బొమ్మలు బిలబిలా పరుగెత్తుకుపోతాయి, ఏ ఒక్కటీ వాళ్ళ దగ్గర నిలవదు. నాకు మాత్రం ఒక బొమ్మ వారమంతా నిలిచేది. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, చెరకు పొలాల్లోని మా ఇంటి నుంచి బస్సెక్కి రాకిరాకి అనే చిన్న పట్నానికి వెళ్ళి, ఒక గుజరాతీ వాళ్ళ బట్టల కొట్లో గుడ్డ కొలిచి చింపే పనికి చేరిన రోజుల ముచ్చట ఇది. (నా తెలుగు మా అవ్వ పెట్టిన భిక్ష. ఇంట్లో మిగతావాళ్ళందరం ఫిజీ హిందీలోనే మాట్లాడుకునేవాళ్ళం. అందుకని ఎక్కడైనా నా మాట తడబడితే చదివేవాళ్ళు అవ్వ మొహం చూసి సర్దుకోవాలి.)

మా కొట్టుకి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల, పుస్తకాల కొట్టు ఉండేది. అది మాలాగే తెలుగు మూలాలవాళ్ళది. బడి పుస్తకాలు, పెన్సిళ్ళు, పంచాంగాలు అమ్మేవాళ్ళు. ఒకసారి న్యూజిలాండ్ నుంచి వచ్చిన పెట్టెలో పొరపాటున ఒక పెద్ద పుస్తకం వచ్చింది. పీటంత ఉంది. సూపర్ హీరోల కామిక్ కథలు వేసిన రకరకాల చిత్రకారుల పనిని ఒక్క చోట చేర్చి, పెద్ద పెద్ద పేజీల్లో అచ్చేసిన సంకలనం. మా ఊళ్ళో దాన్ని కొనేవాళ్ళు ఎవరుంటారు? కొట్టు యజమాని దాన్ని అలంకారానికి కొట్టు ముందరి అద్దంలో తెరిచి నిలబెట్టాడు. ప్రతి సోమవారం పొద్దున ఆయన రెండో కొడుకు దుమ్ము దులిపి ఒక పేజీ తిప్పేవాడు.

మామూలు కామిక్ పుస్తకాలు నేను అంతకు ముందే చూశాను. అన్నయ్యలు తెచ్చేవాళ్ళు. అవి చవక కాగితం మీద ఉండేవి, పెదాల రంగు ముక్కు దాకా పాకేది, హీరో బట్టల నీలం ఆకాశంలోకి కారిపోయేది. ఈ పుస్తకంలో చాలా పేజీలకి అసలు రంగే లేదు. ఉత్త నల్ల సిరా. పొద్దున కొట్లు తెరవకముందు అద్దానికి ముక్కు ఆనించి చూస్తే, కుంచె ఎక్కడ ఆనిందో, ఎక్కడ తేలిందో, ఎక్కడ చిత్రకారుడి చెయ్యి తొందరపడిందో అన్నీ కనిపించేవి. మాటలు ఉండీ లేనట్టు ఉండేవి. ఒకాయన వాన వేస్తే సూదులు గుచ్చినట్టుండేది, ఇంకొకాయన వాన వేస్తే తెల్ల కాగితం మీద ఏమీ గీయకుండానే తడి తెలిసేది. ఎగిరే మనిషి వెనక గాలికి లేచిన ఆ పెద్ద వస్త్రపు మడతలు చూస్తుంటే, రోజంతా గుడ్డతోనే బతికే నాకు, గుడ్డ అంటే ఏమిటో అప్పుడే తెలిసినట్టనిపించేది. ఆ పేజీకి ముందేం జరిగిందో, తర్వాతేం జరుగుతుందో నాకు తెలిసేది కాదు. వారమంతా నేనే ఊహించుకునేదాన్ని. గుడ్డ తానులు చుట్టివచ్చే అట్టల మీద దర్జీ సుద్దతో ఆ మడతలు గీసేదాన్ని. కొట్టు యజమానురాలు (ఆమెని అందరం బెన్, అంటే గుజరాతీలో అక్క, అనేవాళ్ళం) అట్ట వెనక్కి తిప్పి చూసి, "గుడ్డ కొలవమంటే గాలిని కొలుస్తున్నావా?" అనేది.

చిక్కేమిటంటే, ఆ పుస్తకానికి సరిగ్గా వెనకే ఆ రెండో కొడుకు కూర్చునే కుర్చీ ఉంది. నేను మా గుమ్మంలో నిలబడి పుస్తకం వైపు చూస్తే, రోడ్డు మీద పోయేవాళ్ళకి అబ్బాయిని చూస్తున్నట్టే ఉంటుంది. అది నాకు తట్టలేదు. అబ్బాయికి మాత్రం తట్టింది. జుట్టుకి నూనె రాసి దువ్వడం మొదలుపెట్టాడు, సోమవారాలు పూల చొక్కాలు వేయడం మొదలుపెట్టాడు. ఆ పూలన్నీ అద్దంలో మెరిసి నా నల్ల గీతల మీద పడేవి. ఒకరోజు ఓపిక పట్టలేక, కాస్త పక్కకి జరగమని చేత్తో సైగ చేశాను. అతను సంబరంగా చెయ్యి ఊపాడు. నేను ఇంకా గట్టిగా సైగ చేశాను. అతను లేచి నిలబడి రెండు చేతులూ ఊపాడు. సరిగ్గా అప్పుడే తవువా ఊరికి వెళ్ళే బస్సు మా ఇద్దరి మధ్య నుంచి వెళ్ళింది, కిటికీ పక్క సీట్లో మా పిన్ని ఉంది.

పిన్ని ఇంటికి వెళ్ళి అమ్మకి ఏం చెప్పిందో నాకు తెలియదు. ఇంట్లో అందరూ ఉన్నట్టుండి నాతో మెత్తగా మాట్లాడ్డం మొదలుపెట్టారు. అవ్వ ఒక్కతే సూటిగా అడిగింది, "ఎవడే వాడు?" అని. నా బుర్రలో పుస్తకం తప్ప ఇంకేం లేదు. "ఆకాశంలో ఎగిరేవాడు అవ్వా," అన్నాను. అవ్వ నా మొహం కాసేపు చూసి, "నీకు బాగా ముదిరిందే," అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మా వాకిట్లో టాక్సీ ఆగింది. పుస్తకాల కొట్టు యజమాని, ఆయన భార్య, ఆ రెండో కొడుకు దిగారు. లోపల అమ్మ తియ్యటి గుల్‌గుల్లాలు వేయిస్తోంది, నాన్న చాప పరిచి, చుట్టాలొస్తే తాగే యంగోనా వేరు పొడి నీళ్ళలో కలుపుతున్నాడు, నాకు ఎవరో చీర చుట్టేశారు. అప్పటికి గానీ పెళ్ళిచూపులని నాకు అర్థం కాలేదు. పెరటి గుమ్మం వైపు రెండడుగులు వేశాను. "తల దించుకుని కూచో. ఎక్కువ మాట్లాడకు," అని అవ్వ నన్ను తీసుకెళ్ళి చాప మీద కూచోబెట్టింది. అబ్బాయి చంకలో గోధుమరంగు కాగితం చుట్టిన పొట్లం ఉంది. దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. బరువు తెలియగానే అదేమిటో తెలిసిపోయింది.

కాగితం విప్పి మొదటి పేజీ తిప్పాను. ఆ తర్వాత నన్ను ఎవరూ ఆపలేదు. వారానికొకటిగా చూసిన పేజీల మధ్య నేను చూడనివి ఎన్నో ఉన్నాయి. నేను పర్వతం అనుకున్నది పడుకున్న రాక్షసుడి భుజం. చచ్చిపోయాడని నేను బాధపడ్డవాడు తర్వాతి పేజీలో లేచి కూర్చున్నాడు. చుట్టూ ఏదో మాటలు నడుస్తున్నాయి. అబ్బాయి తల్లి హిందీలో, "ఈ కాలంలో ఇంత ఒద్దికైన పిల్ల ఎక్కడుంది? వచ్చిందగ్గర్నుంచీ తల ఎత్తలేదు," అంటోంది. నన్ను వంట వచ్చా అని అడిగింది. ఊఁ అన్నాను. కుట్టు వచ్చా? ఊఁ. అప్పటికి నేను ఒక పూర్తి పేజీ బొమ్మ దగ్గర ఉన్నాను. హీరో ఒక మేడ అంచున ఒంటరిగా కూర్చుని ఉన్నాడు, వాన పడుతోంది, అందరినీ కాపాడేసి వచ్చాడు, ఇంటికి వెళ్దామంటే ఎవరూ లేరు. "మా అబ్బాయి నచ్చాడామ్మా?" అని ఆమె అడిగింది.

"ఎంత అందంగా ఉన్నాడో," అన్నాను.

మగవాళ్ళు చప్పట్లు కొట్టి మరో కొబ్బరి చిప్ప యంగోనా తాగారు. నేను చివరి అట్ట మూసి తల ఎత్తేసరికి నా పెళ్ళి సగం కుదిరిపోయింది.

పుస్తకం పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాను. అవ్వ వెనకే వచ్చింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. "నేను అన్నది అతన్ని కాదు అవ్వా. ఇదిగో, ఇతన్ని," అని పేజీ తీసి చూపించాను. అవ్వ కళ్ళజోడు సర్దుకుని బొమ్మని చాలాసేపు చూసింది. "పాపం, తడుస్తున్నాడు," అంది. తర్వాత, "గోచీ పైకి కట్టుకున్నాడేమే?" అంది. ఇంకా కాసేపు చూసి, "గీసినవాడెవడో గానీ, చెయ్యి మంచిది. నీకిలా గీయాలనుందా?" అని అడిగింది. ఉందన్నాను. నాకు అలా ఉందని నాకే అప్పుడు తెలిసింది. అవ్వ చెంగు దులుపుకుని ముందు గదిలోకి వెళ్ళి, తనకొచ్చిన హిందీలో, "పిల్ల ఇంకా బొమ్మలు చూసే వయసులో ఉంది. ఇప్పుడే వద్దు," అని చెప్పేసింది. మా నాన్న తన తల్లికి ఎదురు చెప్పిన మనిషి కాదు. అబ్బాయి తండ్రి మొహం ముడుచుకున్నాడు, తల్లి మిగిలిన గుల్‌గుల్లా పళ్ళెంలో పెట్టేసింది.

పుస్తకం తిరిగి ఇద్దామని టాక్సీ దాకా వెళ్ళాను. అబ్బాయి ఒక్కడే బయట నిలబడి ఉన్నాడు.

"ఆ రోజు నువ్వు చెయ్యి ఊపింది..." అన్నాడు.

"పక్కకి జరగమని. చొక్కా మెరుస్తోంది," అన్నాను.

అతను తన చొక్కా వైపు చూసుకున్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు, టాక్సీ మీద చెయ్యి ఆనించుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "నేను రెండు చేతులూ ఊపాను," అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. అతను పుస్తకం తీసుకోలేదు. "నీ దగ్గరే ఉండనీ. మా కొట్లో దాన్ని చూసిందే నువ్వొక్కదానివి," అన్నాడు. తల్లి పిలిస్తే టాక్సీ ఎక్కాడు.

కొన్నాళ్ళకి అతను రాజధాని సువాకి చదువుకి వెళ్ళాడని బెన్ చెప్పింది. ఎదురు అద్దంలో బడి నోటు పుస్తకాలు, జామెట్రీ పెట్టెలు పేర్చారు. నాకు కావలసిన పుస్తకం ఇంట్లోనే ఉంది, ఏ పేజీ కావాలంటే ఆ పేజీ తిప్పుకోవచ్చు. అయినా సోమవారం పొద్దున్నే నా కాళ్ళు గుమ్మంలోకి వెళ్ళేవి. ఆ కుర్చీలో ఇప్పుడు వాళ్ళ నాన్న కూర్చుని తూగుతుండేవాడు. ఒకసారి అవ్వ బజారుకి వచ్చి నన్ను అలా చూసి, "ఇంకా ఏం చూస్తున్నావే అక్కడ?" అంది. నేను ఒక తాను అందుకుని చుట్టడం మొదలుపెట్టాను. అవ్వ మళ్ళీ అడగలేదు.

తర్వాత నేనూ సువా వచ్చాను, టీచర్ ట్రైనింగ్ పూర్తి చేశాను, పిల్లలకి బొమ్మలు నేర్పే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. సువాలో అతను ఎక్కడా కనిపించలేదు. ఆస్ట్రేలియా వెళ్ళాడని ఒకరు, ఇంకో దీవిలో, లబాసాలో ఉన్నాడని ఒకరు అనేవాళ్ళు. ఈ మధ్య ఒక వానాకాలం మధ్యాహ్నం తోచక అతని మొహం గీద్దామని కూర్చున్నాను. పెళ్ళిచూపుల్లో తల ఎత్తి ఉంటే బాగుండేది, సగం కూడా గుర్తు లేదు. గీసి, చెరిపి, మళ్ళీ గీశాను. మా ఆయన (ఆయనకి ఈ కథంతా తెలుసు, నాకంటే బాగా చెప్తాడు కూడా) టీ పట్టుకుని వచ్చి భుజం మీంచి చూశాడు.

"ఎవరిది?" అన్నాడు.

"రాకిరాకి పుస్తకాల కొట్టు అబ్బాయిది."

"ఓహో. మరి ఆ ఊళ్ళో అందరికీ ఇంతింత దవడలుండేవా?"

చూస్తే నిజమే. దవడ పుస్తకంలో ఎగిరేవాడి దవడలా పలకగా వచ్చింది, భుజాలు కాగితం పట్టక రెండు పక్కలా బయటికి పోయాయి. రబ్బరు చేతిలోకి తీసుకున్నాను. చాలాసేపు పట్టుకుని, టీ చల్లారిపోతోందని ఆయన అంటే, పక్కన పెట్టేశాను. పోనీ, అలాగే ఉండనీ. అతనికి అది నప్పింది.