మామ లారీలోంచి కనిపించని అవ్వ

నా చిన్నప్పుడు మేడ్చల్ చుట్టూ ద్రాక్ష తోటలుండేవి. నాగపూర్ రోడ్డు దిగితే చాలు, పందిళ్లు, వాటి కింద చల్లటి నీడ. ఎండలు ముదిరే వేళకి గుత్తులు కోసి లారీలకెత్తేవాళ్లు. అలాంటి లారీ ఒకటి మా మేనమామ నడిపేవాడు. ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలపు బండి అది. మా అవ్వ, మామ, అమ్మా నాయిన, నేనూ తమ్ముడూ రోడ్డు పక్కనే ఒక ఇంట్లో ఉండేవాళ్లం. మామకి అప్పటికింకా పెళ్లి కాలేదు. ఉన్న ప్రేమంతా మా ఇద్దరి మీదే. మాకు కొంచెం ఒళ్లు వెచ్చబడితే లోడు ఆలస్యమైనా సరే, డాక్టరు దగ్గరికి ఎత్తుకుని పోయేవాడు.

ఒకరోజు పొద్దున్నే మామ లోడుతో బయలుదేరుతున్నాడు. అవ్వ కట్టిచ్చిన జొన్నరొట్టెల డబ్బా అరుగు మీదే మరిచిపోయాడు. నేనది చూసి పట్టుకుని పరిగెత్తాను. లారీ ఎడమ పక్క మా వాకిలి వైపుంది. మామ కూర్చునేది కుడి పక్కన. అటు వెళ్లాలని బండి ముందు నుంచి చుట్టి పోబోయాను. ఇంజను నడుస్తూనే ఉంది. నాకేం భయం వేయలేదు, అది మా మామ లారీ కదా. అంత పెద్ద బండి నాకు కనిపిస్తుంటే, దాంట్లో ఉన్న మామకి నేను కనిపించనని ఎందుకనుకుంటాను?

బండి కదిలింది. భుజానికి ఇనుము తగిలింది. వెల్లకిలా పడ్డాను. పైన నల్లటి ఇనుము, ముఖం మీద వేడిగాలి, ఆయిలు వాసన. అంతే గుర్తు. పక్కనున్న సైకిల్ షాపాయన లారీ తలుపు మీద రెండు చేతులతో బాదాడట. బండి ఆగాక ఆయనే నన్ను కాళ్లు పట్టి బయటికి లాగాడు. మోకాలు మాత్రం గీరుకుపోయింది. రొట్టెల డబ్బా ముందు చక్రం కింద అట్టముక్కలా అతుక్కుపోయి ఉంది.

మామ దిగి వచ్చాడు. నన్ను చూశాడు. నా ముఖంలోకే చూస్తూ, సైకిల్ షాపాయనను మెల్లగా అడిగాడు.

"ఎవల పిల్లయ్యా గీమె?"

మోకాలు మంటకు ఏడవని నేను ఆ మాటకు ఏడ్చాను. నీ మేనకోడలేనని సైకిల్ షాపాయన చెప్పాడు. కాసేపటికి మామకి తెలివి వచ్చినట్టుంది, అక్కడే మట్టిలో కూలబడ్డాడు. నన్ను ఒళ్లోకి తీసుకోవడానికి చేతులు చాచాడు కానీ మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. నన్ను ముట్టుకోవడానికే భయపడ్డాడని ఇప్పుడర్థమవుతుంది.

ఆ లోడు ఇంకో డ్రైవరు తీసుకెళ్లాడు. కొన్నాళ్లు మామ ఆ బండి దగ్గరికే పోలేదు. అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయేవాడు. లారీ మానేసి తోట పని చూసుకొమ్మని అవ్వ పోరు పెట్టింది. పిల్లకు రెండు తగిలిస్తే ఇంకెప్పుడూ రోడ్డెక్కదని నాయిన అన్నాడు. మామ ఆ మాట వినిపించుకోలేదు.

తర్వాత ఒక ఆదివారం లారీని ఇంటి ముందుకు తెచ్చి ఇంజను ఆపాడు. అవ్వతో ఏదో మాట్లాడాడు. అవ్వ ముందు ఒప్పుకోలేదు. చివరికి బండి తాళంచెవి తన చేతికిస్తేనే అన్నది. తీసుకుని కొంగున ముడేసుకుంది. నన్ను మామ లోపలికెత్తుకుని, తన కళ్లంత ఎత్తుకి నా కళ్లు వచ్చేలా ఒళ్లో మోకాళ్ల మీద నిలబెట్టుకున్నాడు. ఎదురుగా ఏమేం కనిపిస్తున్నాయో చెప్పమన్నాడు. రోడ్డు కనిపిస్తోంది, అవతల హోటలు కనిపిస్తోంది, దూరంగా ఎడ్లబండి వస్తోంది అని చెప్పాను.

"మనుషులు ఎవలన్న ఉన్నరా, బండి ముంగట?"

ఎవరూ లేరన్నాను.

"మంచిగ సూడు బిడ్డా."

మెడ చాచి చూశాను. ఎవరూ లేరు. మామ కిటికీలోంచి తల బయటపెట్టి అవ్వను చెయ్యెత్తమన్నాడు.

లారీ ముక్కు అంచు మీదుగా వేళ్లు లేచాయి. ముడతలు పడిన వేళ్లు, ఆ వెనకే మట్టిగాజులు. తల లేదు, మనిషి లేదు, ఆ చెయ్యొక్కటే. నడుము వంగిన మా అవ్వ అంత దగ్గరలో, మా ముందరే నిలబడి ఉంది. మామ అప్పుడు అవ్వ పక్కనున్న తమ్ముడినీ చెయ్యెత్తమన్నాడు. ఎత్తానని వాడు కింది నుంచి అరిచాడు. మాట వినిపించింది. చెయ్యి కనిపించలేదు. నేనెంత చూసినా కనిపించలేదు.

మామ ఎడమ పక్క అద్దం చూపించాడు. అందులో మా గోడ, దాని మీద ఆరేసిన బట్టలు మాత్రమే ఉన్నాయి. అంతలో సైకిల్ బెల్లు మోగింది, సరిగ్గా ఎడమ తలుపు కిందే. సైకిల్ షాపాయన సైకిలుతో సహా అక్కడే నిలబడి ఉన్నాడు.

నేను మామ మెడ గట్టిగా పట్టుకున్నాను. ఆయన నా వీపు నిమురుతూ చెప్పాడు.

"నిన్ను జూసుకుంట జూసుకుంట నేను తొక్కిపోతనా? నాకు నువ్వు కనవడలే బిడ్డా. నీకు లారీ కనవడ్తాంది గదా అని, లారీల ఉన్నోనికి నువ్వు కనవడ్తున్నవ్ అనుకోకు. డ్రైవర్ మొకం నీ దిక్కు తిరగాలె. గప్పుడే అడుగెయ్యి."

కిందికి దిగాక అవ్వ నన్నూ తమ్ముడినీ పొదువుకుని అరుగు మీద చాలాసేపు కూర్చుంది. మామ మర్నాడు మళ్లీ లారీ ఎక్కాడు. కానీ ఎక్కేముందు బండి చుట్టూ తిరిగి, వంగి చక్రాల సందుల్లోకి చూసేవాడు. తోటి డ్రైవర్లు నవ్వినా మానలేదు. బండి నడిపినన్నాళ్లూ అంతే.

మామ పోయి చాలా ఏళ్లయింది. తోటల చోట ఇళ్లు లేచాయి, రోడ్డు పెద్దదయింది. మొన్న మేడ్చల్‌లో మలుపు దగ్గర రోడ్డు దాటడానికి నిలబడ్డాను. ఒక కంటైనర్ లారీ ఎడమకు తిరగడానికి లైటు కొడుతూ ఆగి ఉంది. దాని ఎడమ పక్క సందులోకి ఒక అబ్బాయి బైకు దూర్చి, నా పక్కనే ఆపాడు. చెవుల్లో పాటలు. అతని భుజం పట్టి గుంజాను.

"నాయినా, ఆయినకు నువ్వు కనవడ్తలేవు. ఎన్కకు రా."

విసుక్కున్నాడు. అయినా ముసలిదాని మాట తీసేయలేక కాళ్లతో బైకును వెనక్కి నెట్టుకున్నాడు. లారీ తిరిగింది. దాని వెనక చక్రాలు అతను ఇంతకుముందు ఆగిన చోటునే తొక్కుకుంటూ పోయాయి. ఆ అబ్బాయి చెవుల్లోవి తీసి, ఆ జాగా వంకా నా వంకా చూస్తూ ఉండిపోయాడు.

నేను దాటకుండా అక్కడే నిలబడ్డాను. తర్వాత ఇంకో లారీ వచ్చి ఆగింది. డ్రైవరు ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నాడు. దారి ఖాళీగానే ఉంది, వెనకవాళ్లు నన్ను తోసుకుని దాటుతున్నారు. నేను చెయ్యెత్తి ఆగాను. అతను తలెత్తి, నన్ను చూసి, పొమ్మన్నట్టు తలాడించాకే రోడ్డు మీద కాలు పెట్టాను.